మందు ముంబయిలో, బాధ గోడాదరాలో

గోడాదరా అనే పేరు మీలో చాలామంది విని ఉండరు. గుజరాత్‌లోని సూరత్ నగరానికి తూర్పు అంచున ఉన్న ఒక పేట అది. పవర్‌లూము కార్ఖానాలు, చీరల మీద ఎంబ్రాయిడరీ చేసే గదులు, వాటిని ఆనుకునే ఇరుకైన ఇళ్లు. తెలంగాణ జిల్లాల నుంచి మగ్గం పని వెదుక్కుంటూ వెళ్లి ఆ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమంలో కూడా ప్రాథమిక పాఠశాలలు నడుపుతోందంటే ఆ సంఖ్య ఎంత ఉంటుందో మీరే ఊహించుకోవచ్చు. ఈ పత్రిక చదివేవారిలో ఆ బడుల్లో అక్షరాలు దిద్దినవారు కూడా ఉండవచ్చు.

క్యాన్సర్‌కు ఇమ్యునోథెరపీ చేసే వైద్యుల శిక్షణ గురించి రాయవలసిన వ్యాసం ఒక నేతపేటతో ఎందుకు మొదలయిందని మీకు సందేహం కలగవచ్చు. ఆ శిక్షణ బాగుందో లేదో పరీక్షించడానికి ముంబయిలోని పెద్ద ఆసుపత్రి కన్నా గోడాదరాలోని చిన్న క్లినిక్కే సరైన చోటని నా అభిప్రాయం. కారణం చెబుతాను.

ఒక నేత కార్మికుణ్ణి ఊహించుకోండి. వయసు 48. పన్నెండు గంటల రాత్రి షిఫ్టులో కునుకు పట్టకుండా ఇరవై ఏళ్లుగా దవడన మావా పెట్టుకున్నవాడు. మావా అంటే వక్క, పొగాకు, సున్నం కలిపి నలిపిన పొట్లం. (గుట్కాను గుజరాత్ ప్రభుత్వం 2012లో నిషేధించింది. వక్క ఒక పొట్లంలో, పొగాకు ఇంకో పొట్లంలో పెట్టి అమ్మితే ఆపేవాడు లేడు.) అతనికి నోటి క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్, రేడియేషన్ అయ్యాయి. ఏడాది తిరక్కుండానే వ్యాధి మళ్లీ తలెత్తింది. ఇప్పుడు ముంబయిలో మూడు వారాలకోసారి ఒక ఇంజెక్షన్ ఇస్తున్నారు. సూరత్ నుంచి ముంబయికి రైలు దారిన సుమారు 260 కిలోమీటర్లు. తెల్లవారుజామున ఫ్లయింగ్ రాణి ఎక్కి వెళ్లి, మందు ఎక్కించుకుని, రాత్రికి ఇల్లు చేరుకుంటాడు. మూడో ఇంజెక్షన్ అయిన పదిరోజులకు విరేచనాలు పట్టుకున్నాయి. రోజుకు ఆరేడుసార్లు. మూడోనాటి రాత్రి భార్య అతణ్ణి వీధి చివరి క్లినిక్కుకు తీసుకువెళ్లింది.

"డాక్టర్ సాబ్, బయట ఏమీ తినలేదు. కీమో నడుస్తోంది, అంతే" అంటాడతను.

ఆ క్లినిక్కు డాక్టరు ఏం చేస్తాడు? అతను చదువుకున్నదీ, రోజూ చూస్తున్నదీ ఒకటే: సూరత్‌లో విరేచనాలంటే కలుషితమైన నీరు, లేదా కలుషితమైన తిండి. ఒక యాంటిబయాటిక్, ఓ.ఆర్.ఎస్. పొట్లాలు, విరేచనాలు కట్టడానికి ఒక మాత్ర ఇస్తాడు. నూటికి తొంభైమందికి ఆ చీటీ సరిపోతుంది. ఈ ఒక్క రోగికి మాత్రం అది ప్రాణం మీదికి తేవచ్చు. ఎందుకంటే ఇతని పేగుల్లో క్రిములు లేవు. అతని సొంత రక్తకణాలే పేగు గోడను శత్రువనుకుని దాడి చేస్తున్నాయి. కట్టే మాత్రతో విరేచనాల సంఖ్య తగ్గినట్లు కనిపిస్తుంది, లోపల పుండు పెరుగుతూనే ఉంటుంది. చివరకు పేగుకు రంధ్రం పడవచ్చు.

ఇలా ఎందుకు జరుగుతుంది?

మన శరీరంలోని టి-కణాలనే తెల్ల రక్తకణాలు పరాయి కణాలను గుర్తించి చంపుతాయని మీరు చదువుకున్నారు. వాటికి చంపే శక్తి ఉన్నట్లే, ఆగే శక్తి కూడా ఉండాలి. లేకపోతే ఒక జలుబు క్రిమిని చంపబోయి ఊపిరితిత్తిని కూడా నాశనం చేస్తాయి. అందుకని ప్రకృతి వాటికి బ్రేకులు అమర్చింది. సి.టి.ఎల్.ఏ-4 అనే ప్రోటీను అలాంటి ఒక బ్రేకు. పి.డి-1 ఇంకొకటి. దీనిని జపాన్‌లోని క్యోటోలో తసుకు హోంజో బృందం 1992లో కనుగొంది. చాలా క్యాన్సర్ కణాలు ఈ బ్రేకును తొక్కిపట్టి టి-కణాలను కదలనివ్వవు. అలాంటప్పుడు బ్రేకును పనిచేయకుండా చేస్తే ఏమవుతుంది? అమెరికాలో జేమ్స్ ఎలిసన్ 1996లో ఎలుకలలో సి.టి.ఎల్.ఏ-4ను అడ్డుకుని చూశాడు. కణితులు కరిగిపోయాయి. ఆ ఆలోచన నుంచే ఇపిలిముమాబ్ అనే మందు 2011లో, పి.డి-1ను అడ్డుకునే నివోలుమాబ్ 2014లో వైద్యుల చేతికి వచ్చాయి. ఎలిసన్‌కూ, హోంజోకూ 2018లో నోబెల్ బహుమతి లభించింది.

ఇంతవరకూ కథ అందరూ చెబుతారు. మన పత్రికలన్నీ ఇక్కడే ఆపేస్తాయి, ఒక్కోసారి పాఠ్య గ్రంథాలు కూడా. బ్రేకు తీసిన బండి క్యాన్సర్ వైపే వెళుతుందని హామీ ఏముంది? అది పేగు మీదికి వెళితే విరేచనాలు. ఊపిరితిత్తి మీదికి వెళితే దగ్గు, ఆయాసం. పిట్యూటరీ గ్రంథి మీదికో, అడ్రినల్ గ్రంథి మీదికో వెళితే విపరీతమైన నీరసం, రక్తపోటు పడిపోవడం. క్లోమం మీదికి వెళితే రాత్రికి రాత్రి మధుమేహం. గుండె కండరం మీదికి వెళ్లడం అరుదు, కాని వెళితే ప్రతి అయిదుగురిలో ఇద్దరు దక్కరని 2018లో ప్రచురించిన ఒక పెద్ద పరిశీలన తేల్చింది. ఈ మందుల వల్ల కలిగే మరణాలు మొత్తం మీద వెయ్యికి మూడు నుంచి పదమూడు వరకు ఉంటాయని కూడా అదే పరిశీలన చెప్పింది. లెక్క చిన్నదే. అయితే ఇందులో చాలా మరణాలు సకాలంలో గుర్తుపడితే తప్పేవి.

ఇపిలిముమాబ్‌ను మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌పై పరీక్షించిన తొలి పెద్ద ప్రయోగాన్ని చూడండి. 676మంది రోగులు పాల్గొన్నారు. ఫలితాలు 2010లో వెలువడ్డాయి. మందుల వల్ల మరణించినవారు 14 మంది, అందులో ఏడుగురి మరణానికి రోగనిరోధక వ్యవస్థ దాడితో సంబంధం ఉంది. అవి ప్రపంచంలోని మంచి ఆసుపత్రులు. అక్కడివారు కూడా ఈ కొత్త రకం విరేచనాలను చూసి చూసి నేర్చుకున్నారు తప్ప పుట్టుకతో తెలిసినవారు కారు. అలా నేర్చుకున్నదంతా క్రోడీకరించి 2018లో అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం ఒక మార్గదర్శక పత్రం ప్రకటించింది, 2021లో దానిని సవరించింది. ఇప్పుడు ప్రపంచమంతటా శిక్షణకు ఆధారం ఇలాంటి పత్రాలే. నేను విమర్శించదలచుకున్నది వాటిని మనం వాడుకుంటున్న తీరును.

ఆ పత్రంలో దోషం పట్టడం తేలిక కాదు. ఏ అవయవానికి ఏ లక్షణం, ఎంత తీవ్రమైతే మందు ఆపాలి, స్టిరాయిడ్ ఎంత ఇవ్వాలి, ఎన్ని వారాలలో మెల్లగా తగ్గించాలి, అన్నీ ఓపికగా రాశారు. రోజూ ఉండేదానికన్నా నాలుగు నుంచి ఆరుసార్లు ఎక్కువ విరేచనమైతే రెండో శ్రేణి, ఏడు లేదా అంతకన్నా ఎక్కువైతే మూడో శ్రేణి. చాలా స్పష్టంగా ఉంది. కాని అది ఎవరి కోసం రాసినదో గమనించండి. రోగికి ఏ మందు ఇచ్చారో ముందే తెలిసిన వైద్యుడి కోసం. గోడాదరాలో ఆ రాత్రి కూర్చున్న డాక్టరుకు తెలియనిది సరిగ్గా అదే. రోగి "కీమో" అన్నాడు. మన దేశంలో సెలైను సీసాలో కలిపి ఎక్కించే ప్రతి క్యాన్సర్ మందునూ రోగులు కీమో అనే అంటారు, నర్సులు కూడా అంటారు. కీమో అనగానే డాక్టరుకు తట్టేది తెల్లకణాలు తగ్గిపోవడం, దాని వల్ల ఇన్ఫెక్షన్. అంటే రోగనిరోధక శక్తి తగ్గిందనుకుంటాడు. ఇక్కడ జరిగింది దానికి పూర్తిగా వ్యతిరేకం. ఒక్క మాట తేడా వల్ల చికిత్స తలకిందులవుతుంది.

రెండో లోపం ఇంకా లోతైనది. ఈ మార్గదర్శకాలు పుట్టిన దేశాలలో క్షయ అరుదు. ప్రపంచంలోని క్షయ రోగుల్లో నాలుగో వంతుకు పైగా మన దేశంలోనే ఉన్నారు. పి.డి-1 మందు తీసుకుంటున్న రోగికి దగ్గు, ఆయాసం వచ్చి, ఎక్స్‌రేలో మచ్చ కనిపించిందనుకోండి. అది మందు వల్ల వచ్చిన వాపైతే స్టిరాయిడ్ ప్రాణం పోస్తుంది. క్షయ అయితే అదే స్టిరాయిడ్ ప్రమాదం తెస్తుంది. క్యాన్సర్ పెరుగుదల అయితే లెక్క వేరు. పేగు పూతకు స్టిరాయిడ్ పనిచేయకపోతే ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఇవ్వమంటారు. ఆ మందుకు నిద్రపోతున్న క్షయను లేపే గుణముంది. మార్గదర్శకాలలో క్షయ పరీక్ష చేయమనే హెచ్చరిక లేకపోలేదు. కాని అమెరికాలో అది అరుదైన జాగ్రత్త, సూరత్‌లో అది మొదటి ప్రశ్న. పాఠంలో దానికి ఇచ్చే స్థలం కూడా అందుకు తగ్గట్టు ఉండాలి. విరేచనాల విషయమూ అంతే. "ఇమ్యునోథెరపీ రోగికి విరేచనమైతే స్టిరాయిడ్" అని బట్టీపట్టిన యువ డాక్టరు, నిజంగా టైఫాయిడో అమీబియాసిసో ఉన్నవాడికి స్టిరాయిడ్ పోస్తే అదొక కొత్త ప్రమాదం. మలపరీక్ష చేయించడం, ఆ ఫలితం వచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోకపోవడం, ఈ రెంటి మధ్య తూకం ఎలాగో నేర్పాలి. అది పుస్తకంలో ఒక పట్టికగా ఇమిడే విషయం కాదు.

మన చదువులో ఇది ఎక్కడుంది? ఎం.బి.బి.ఎస్. విద్యార్థికి రోగనిరోధక శాస్త్రం సూక్ష్మజీవశాస్త్రంలో భాగంగా వస్తుంది. అతిస్పందనలు నాలుగు రకాలని, 1963లో గెల్, కూంబ్స్ చేసిన విభజనను బట్టీపట్టి పరీక్షలో రాస్తారు. తరువాత వార్డుకు వెళతారు. ఆ నాలుగు రకాలకూ, వార్డులో పడుకున్న మనిషికీ సంబంధం కలిపే పాఠం సామాన్యంగా ఉండదు. పూర్తిస్థాయి క్యాన్సర్ వైద్యుడు కావాలంటే ఎం.బి.బి.ఎస్. అయిదున్నరేళ్లు, ఎం.డి. మూడేళ్లు, ఆపై డి.ఎం. మూడేళ్లు. మొత్తం పదకొండున్నర సంవత్సరాలు. మద్రాసులోని అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ 1984లో ఈ డి.ఎం. కోర్సును దేశంలో మొదటిసారి ప్రారంభించింది. అప్పటి నుంచి అక్కడా, టాటా మెమోరియల్‌లోనూ, ఇతర సంస్థల్లోనూ తయారైన నిపుణులు నిజంగా సమర్థులు. వారికి కొత్త మందుల మీద సదస్సులు, వీడియో సమావేశాలు కొదవ లేదు. 2012లో ఏర్పడిన జాతీయ క్యాన్సర్ గ్రిడ్ దేశంలోని వందలాది ఆసుపత్రులను కలిపింది. మంచిదే. అయితే ఈ శిక్షణంతా మందు ఇచ్చే చేతుల చుట్టూనే తిరుగుతోంది. మందు ఇచ్చేది మూడు వారాలకు ఒక పూట. మిగతా ఇరవై రోజులూ రోగి ఉండేది ఇంకొకరి చేతిలో. ఆ ఇంకొకరిలో కాజువాలిటీ డ్యూటీ డాక్టరు, పేటలోని ప్రైవేటు డాక్టరు, ఆయుర్వేదమో హోమియోపతియో చదివి అక్కడే క్లినిక్కు నడిపేవారు, మందుల షాపు కుర్రవాడు కూడా ఉన్నారు.

ఈ మందులు చాలా ఖరీదైనవి కదా, పేటల దాకా ఎప్పుడొస్తాయి అని మీరు అడగవచ్చు. మొన్నమొన్నటి వరకు నేనూ అలాగే అనుకున్నాను. నా అభిప్రాయం మారింది టాటా మెమోరియల్ వైద్యులు విజయ్ పాటిల్, కుమార్ ప్రభాష్, వారి సహచరులు చేసిన ఒక ప్రయోగం చదివాక. తల, మెడ క్యాన్సర్ ముదిరిన రోగులకు ఆమోదం పొందిన మందులు మనలాంటి దేశాలలో నూటికి ఒకరి నుంచి ముగ్గురికి మాత్రమే అందుతున్నాయని వారు మొదటే చెప్పారు. మరి మిగిలిన తొంభై ఏడుగురి సంగతి? మామూలుగా నివోలుమాబ్ 240 మిల్లీగ్రాములు రెండు వారాలకోసారి ఇస్తారు. వీరు మూడు వారాలకోసారి 20 మిల్లీగ్రాములు మాత్రమే ఇచ్చి చూశారు. దీనికి ఒక శాస్త్రీయ ఆధారముంది. టి-కణం మీద ఉండే పి.డి-1 అణువులు చాలావరకు కొద్దిపాటి మందుతోనే మూసుకుపోతాయని, మోతాదు ఎన్నో రెట్లు పెంచినా అందులో పెద్ద తేడా ఉండదని అంతకుముందే తెలిసింది.

ప్రయోగంలో 151 మంది. అందరికీ మూడు రకాల చవక మాత్రలు ఇచ్చారు: మెథోట్రెక్సేట్, సెలెకోక్సిబ్, ఎర్లోటినిబ్. సగంమందికి వాటితో పాటు 20 మిల్లీగ్రాముల నివోలుమాబ్. ఏడాది తరువాత బతికి ఉన్నవారు మాత్రలు మాత్రమే తీసుకున్నవారిలో నూటికి 16.3, నివోలుమాబ్ కూడా తీసుకున్నవారిలో నూటికి 43.4. మధ్యస్థ ఆయుర్దాయం 6.7 నెలల నుంచి 10.1 నెలలకు పెరిగింది. దీన్ని విమర్శకుడి కళ్లతో కూడా చదవాలి. ఈ ప్రయోగం చిన్న మోతాదును పూర్తి మోతాదుతో పోల్చలేదు. కనుక రెండూ సమానమని దీని ఆధారంగా అనకూడదు. చిన్న మోతాదు, అసలు లేకపోవడం కన్నా ఎంతో మేలని మాత్రం అనవచ్చు. పది నెలలంటే నయం కావడం కాదు. అయినా ఆ మూడున్నర నెలలు ఎవరి ఇంట్లోనైనా ఎంత విలువైనవో చెప్పనక్కరలేదు.

పై మూడు మాత్రలలో మొదటిదైన మెథోట్రెక్సేట్‌తో మనకొక సంబంధం ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపించిన పరిశోధనల నుంచి పుట్టిన మందు అది. దాదాపు ఎనభై ఏళ్లు గడిచాయి. ఇన్నేళ్ల తరువాత కూడా వారానికోసారి వేసుకోవలసిన మెథోట్రెక్సేట్ మాత్రను రోజూ వేసుకుని, లేదా రోజూ వేసుకోమని పొరపాటున రాస్తే వేసుకుని, ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఉన్నారు. యూరప్ ఔషధ సంస్థ 2019లో ఈ ఒక్క పొరపాటును ఆపడానికి ప్రత్యేకంగా నియమాలు చేయవలసి వచ్చింది. రెండు తరాల పాత మందు విషయంలోనే శిక్షణ చివరి మెట్టు దాకా దిగలేదన్నమాట. మరి నిన్నటి మందు సంగతి ఆలోచించండి.

మోతాదు తగ్గితే ఖర్చు తగ్గుతుంది, ఖర్చు తగ్గితే మందు జిల్లా ఆసుపత్రులకు వస్తుంది. దాన్ని ఎక్కించుకునేవారు లక్షల్లో ఉంటారు. చిన్న మోతాదు కదా, దుష్ప్రభావం ఉండదనుకోవడం పొరపాటు. బ్రేకు తీయడానికి 20 మిల్లీగ్రాములు చాలుతాయి గనకే మందు పనిచేసింది. బ్రేకు తీస్తే వచ్చే ప్రమాదానికి కూడా అవి చాలవచ్చు. కాబట్టి మందు చవకయిన కొద్దీ శిక్షణ అవసరం పెరుగుతుంది. మనం జరుపుకుంటున్న సంబరంలో ఈ సగం కనిపించడం లేదు.

శిక్షణను మందుతో ముడిపెట్టిన ఉదాహరణ ప్రపంచంలో లేకపోలేదు. కార్-టి చికిత్స గురించి మీరు వినే ఉంటారు. రోగి టి-కణాలనే బయటికి తీసి, జన్యువు మార్చి, క్యాన్సర్‌ను వేటాడేలా చేసి తిరిగి ఎక్కిస్తారు. 2012లో ఫిలడెల్ఫియాలో ఎమిలీ వైట్‌హెడ్ అనే పాపకు ఇది చేశారు. ఈ చికిత్స పొందిన మొదటి బాల రోగి ఆమె. కొద్దిరోజులకే తీవ్రమైన జ్వరం, స్పృహ లేదు, కృత్రిమ శ్వాస మీద ఉంది. రక్త పరీక్షలో ఇంటర్‌ల్యూకిన్-6 అనే పదార్థం విపరీతంగా పెరిగినట్లు తేలింది. దానిని అడ్డుకునే టోసిలిజుమాబ్ అనే కీళ్లవాతపు మందు ఒకటుందని ప్రయోగానికి నాయకుడైన కార్ల్ జూన్‌కు తెలుసు. ఎలా తెలుసంటారా? ఆయన సొంత కుమార్తెకు కీళ్లవాతం ఉంది. ఆ మందు ఇచ్చారు, కొన్ని గంటల్లోనే పాప కోలుకోసాగింది. ఒక తండ్రికి తెలిసి ఉండటం వల్ల ఒక పాప బతికింది. ఇలాంటి యాదృచ్ఛికం మీద వైద్యం ఆధారపడకూడదు గనక, 2017లో కార్-టిని ఆమోదించినప్పుడు అమెరికా ప్రభుత్వం ఒక షరతు పెట్టింది: సిబ్బందికి శిక్షణ ఇచ్చి, టోసిలిజుమాబ్ అందుబాటులో ఉంచుకున్న ఆసుపత్రులే ఈ చికిత్స చేయాలని. 2025 జూన్‌లో ఆ షరతును ఎత్తివేశారు. వైద్యులకు ఇప్పుడు తగిన అనుభవం వచ్చిందని అందుకు చెప్పిన కారణం. అనుభవం వచ్చింది కూడా ఆ ఎనిమిదేళ్ల నిర్బంధం వల్లనే కదా అని నాకనిపిస్తుంది.

మన దేశంలో ఐ.ఐ.టి. ముంబయి, టాటా మెమోరియల్ కలిసి అభివృద్ధి చేసిన నెక్స్‌కార్-19కు 2023 అక్టోబరులో ఆమోదం లభించింది. గర్వించదగిన విజయం, సందేహం లేదు. పైగా కార్-టి రోగి చికిత్స తరువాత కొన్నాళ్లు ఆసుపత్రిలో, లేదా దాని దగ్గర్లోనే ఉంటాడు. నివోలుమాబ్ రోగి సంగతి వేరు. అతను అదే రాత్రి రైలెక్కుతాడు. దుష్ప్రభావం వారాల తరువాత రావచ్చు, మందు మానేసిన నెలల తరువాత కూడా రావచ్చు. ఏ షరతూ అతని వెంట ప్రయాణం చేయదు.

బ్రిటన్‌లో ఈ సమస్యను కీమోథెరపీ కాలంలోనే పట్టుకున్నారు. క్యాన్సర్ మందు తీసుకున్న ముప్పై రోజుల్లోపు చనిపోయినవారి కాగితాలన్నీ తిరగేసి 2008లో ఒక నివేదిక రాశారు. మంచి వైద్యం అందిందని చెప్పదగినవారు వారిలో నూటికి 35 మందే. జ్వరంతో దగ్గర్లోని ఆసుపత్రికి వచ్చినవారిని అక్కడివారు సరిగా గుర్తించలేకపోవడం కూడా అందులో బయటపడింది. మరుసటి ఏడాది నుంచి, అత్యవసర విభాగమున్న ప్రతి ఆసుపత్రిలోనూ క్యాన్సర్ అత్యవసరాల కోసం ఒక చిన్న బృందం ఉండాలని నిర్ణయించారు. మందు ఎక్కడ ఇచ్చినా సరే, రోగి తలుపు తట్టిన చోట తెలిసినవారుండాలి. నాకు ఈ వరస నచ్చింది. ముందు తమ తప్పులు తామే లెక్కపెట్టుకున్నారు, తరువాత పాఠం రాశారు. మనం విదేశీ పాఠం తెచ్చుకున్నాం, మన లెక్క మొదలు పెట్టలేదు.

సూరత్‌కు ఈ విషయం ఒకరు చెప్పనక్కరలేదు. 1994 సెప్టెంబరులో ఆ నగరంలో ప్లేగు భయం పుట్టినప్పుడు లక్షలమంది ఊరు విడిచి పారిపోయారు. ప్రైవేటు డాక్టర్లు కూడా చాలామంది తలుపులు వేసుకున్నారు. వారంతా పిరికివారు కారు. ప్లేగును పుస్తకంలో తప్ప ఎన్నడూ చూడలేదు, ఏం చేయాలో ఎవరూ నేర్పలేదు. ఆ దెబ్బ తరువాత 1995లో మునిసిపల్ కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావు హయాంలో నగరం శుభ్రపడింది. జబ్బుల సమాచారాన్ని ఆసుపత్రుల నుంచే కాక క్లినిక్కుల నుంచి కూడా రాబట్టే అలవాటు నగరపాలక సంస్థకు ఏర్పడింది. క్లినిక్కు నుంచి నగరపాలక సంస్థకు సమాచారం వెళ్లే దారి ఉన్నప్పుడు, అదే దారిన పాఠం క్లినిక్కుకు ఎందుకు రాకూడదు? నగరపాలక సంస్థకు సొంత వైద్య కళాశాల ఉంది, అది నేత పేటలకు దూరమేమీ కాదు. నెలకొక సాయంత్రం, రెండు గంటలు, ముగ్గురు రోగుల కథలు. అందులో ఒకటి నిజంగా మందు వల్ల వచ్చిన విరేచనం, ఒకటి మామూలు టైఫాయిడ్, ఒకటి క్షయ. ఏది ఏదో ముందు చెప్పకూడదు.

ఇందులో క్లినిక్కు డాక్టరును ఇమ్యునోథెరపీ నిపుణుణ్ణి చేయాలన్న ఉద్దేశం లేదు. అతను నేర్చుకోవలసింది ముఖ్యంగా ఒక ప్రశ్న: "ఏడాది లోపల క్యాన్సర్‌కు ఏ ఇంజెక్షన్ తీసుకున్నారు? కాగితం చూపించండి." ఆపైన ఒక నిగ్రహం: విరేచనాలు కట్టే మాత్ర ఇచ్చి పంపేయకుండా ఉండటం. తరువాత ఒక ఫోను. అంతే.

ఈ ఫోను దగ్గరే చాలా పథకాలు ఆగిపోతాయి. పాశ్చాత్య దేశాల్లో ఇమ్యునోథెరపీ రోగి జేబులో ఒక కార్డు పెట్టి పంపుతారు. మన దగ్గర కూడా అలాంటివి అక్కడక్కడ అచ్చువేస్తున్నారు. నేను చూసినవి ఇంగ్లీషులో ఉన్నాయి, చిన్న అక్షరాలతో, ఇరవై లక్షణాల జాబితాతో. గోడాదరా రోగికి అది చదవడం రాదు, డాక్టరుకు రాత్రి పదిన్నరకు దాన్ని చదివే తీరిక లేదు. ఒక వైపు రోగి భాషలో రెండు వాక్యాలుండాలి: తెలుగు, గుజరాతీ, హిందీ, ఏదైతే అది. "నేను తీసుకుంటున్నది కీమో కాదు. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ముందుగా ఈ కార్డు చూపిస్తాను." రెండో వైపు డాక్టరు కోసం మందు పేరు, చివరి ఇంజెక్షన్ తేదీ, స్టిరాయిడ్ ఆలోచించవలసిన అయిదారు లక్షణాలు, క్షయ పరీక్ష చేశారో లేదో, దాని ఫలితం. అడుగున పెద్ద అంకెలతో ఒక ఫోను నంబరు.

పండుగకు సొంత ఊరు వెళ్లినప్పుడు కూడా ఆ కార్డు అతని వెంట వెళుతుంది. సిరిసిల్లలోనో వరంగల్లులోనో అర్ధరాత్రి ఒక డ్యూటీ డాక్టరు ఆ నంబరుకు ఫోను చేస్తే, అవతల ఎత్తేది ఎవరు? ఆ గంటకు జీతం ఏ ఆసుపత్రి ఇస్తుంది? శిక్షణ గురించి జరిగే సదస్సుల్లో మందు పనితీరు మీద నలభై బొమ్మలు చూపిస్తారు. ఈసారి మీ ఊళ్లోనో, మీ కళాశాలలోనో అలాంటి ఉపన్యాసం జరిగితే, చివర్లో చేయెత్తి ఈ రెండు ప్రశ్నలు అడిగి చూడండి.